తేలుకొండి

దాళ్వా కోతలై, కాలువ కట్టేశాక
ఎండిన బోదెలో మొదట లేచింది ఇదే.
లేత ఊదా పూలు రెండు వరసలు;
కొస మాత్రం చుట్టుకునే ఉంది
కుట్టడం రేపటికి వాయిదా వేసినట్టు.

"ఓ పూట మేస్తే ఏం కాదు,
నెల్లాళ్లు మేస్తే కార్జం కరిగిపోద్ది."
పల్లాలమ్మ వేళ్లతో సహా పీకి గట్టున పారేసింది.
పోయినేడు కూలిన చూడిగేదె ఊసెత్తలేదు.

మూడోనాటికి వడిలి నల్లబడింది.
అప్పుడొచ్చాయి పులిచారల సీతాకోకలు,
పూలున్నప్పుడు కంటపడనివి.
ఎండుకాడను గీరి, తడిపి,
చేదంతా ఒంటికి పట్టించుకుంటున్నాయి.
ఇక ఏ పిట్టా వాటిని ముట్టదు.

కొడవలి ఆపి చాలాసేపు చూసింది పల్లాలమ్మ.
"చచ్చాకే చుట్టాలొచ్చారు దీనికి" అంది.

చేతులు కడుక్కుందామంటే బోదెలో చుక్కలేదు.
మట్టికేసి రుద్దుకుని, వాసన చూసుకుని
ఇంకో మొక్క మీదకు వంగింది.