అరలీటరు

సోమ, బుధ, శుక్రవారాలు నా రక్తం పలాస ఆస్పత్రిది.
మిగిలిన నాలుగు రోజులు
ఈ చూరు కింద, నులకమంచం మీద, నాది.
ఆ నాలుగు రోజుల్లో చూసినవి ఇవి.

రోహిణి.
ఉద్దానం ఇసక కాలు పెట్టనివ్వదు.
డాక్టరమ్మ కొలిచి చెప్పిన నీళ్ళు రోజుకి అరలీటరు,
మాత్రలు మింగేదీ అందులోంచే.
పొద్దున్నే హైమావతి నా సీసా నింపి గూట్లో పెడుతుంది.
తర్వాత జీడిచెట్టు కింద
అంచు విరిగిన కుడితి గోలెం నింపుతుంది.
గోలేనికి కొలత లేదు.

ముందు పిగిలిపిట్టలొస్తాయి, తగువులాడుకుంటూ.
వాటి వెనక గోరింకలు.
ఉడత అంచు మీద బోర్లా పడుకుని తాగుతుంది, తోక తడవకుండా.
గువ్వ తలెత్తదు, ముక్కు ముంచి ఒక్క దమ్మున పీల్చేస్తుంది.
తక్కిన పిట్టలన్నీ
గుక్కెడు పట్టి, ఆకాశానికి చూపించి, అప్పుడు మింగుతాయి.
యాభై నాలుగేళ్ళు ఇదే దొడ్లో బతికి
ఈ తేడా ఇప్పుడు తెలిసింది.
ఈమధ్య నేనూ అలాగే తాగుతున్నాను,
నోట్లో కాసేపు ఉంచుకుని,
చూరుకేసి చూసి.

పనస పండింది. వాసన వీధి చివరిదాకా.
దురదకి నిద్రపట్టని ఒక రాత్రి
కంచె దగ్గర చీకటి కొంచెం కదిలింది.
ఎలుగు.
వీపు మీద రెండు పిల్లలు, జూలు పట్టుకుని.
పండు చీల్చిన చప్పుడు, తడిబట్ట చింపినట్టు.
ఆ తర్వాత గోలెం దగ్గరికొచ్చింది.
ఎంతసేపు తాగిందో!
నా గొంతులో ఆ చప్పుడు ఒక్కొక్కటే దిగింది.

పోయినేడు కూర్మారావు ముఖం చీల్చింది
ఇదో, దీని అక్కో.
పళ్ళెం మోగించాలి. కేకెయ్యాలి.
అది తాగడం ఆపేదాకా
నేను నోరు తెరవలేదు.

తెల్లారి చెప్పాను.
"సూసి ఊరుకున్నావేటి!" అంది హైమావతి.
ఎదురింటి తవిటమ్మ పిన్ని నెత్తి కొట్టుకుంది,
"మతి కూడా మిషన్లో కడిగీసినార్రా నీకు!"
ఇద్దరూ కలిసి గోలేన్ని దొర్లించుకుపోయారు
కొబ్బరితోట అవతల గట్టుకి.
ఇక్కణ్ణుంచి కనిపించదు.
జీడిచెట్టు కింద గుండ్రంగా తడిమచ్చ,
మూడు రోజుల్లో అదీ ఆరిపోయింది.
నాలుగోనాడు కూడా ఒక గువ్వ వచ్చి
ఆ మచ్చ చుట్టూ నడిచి వెళ్ళింది.

అయినా ఆవిడ రోజూ బిందెతో గట్టుకెళుతుంది.
తిరిగొచ్చి, కొంగుతో మొహం తుడుచుకుంటూ,
అడక్కుండానే చెబుతుంది:
ముంగిస అడుగులు. నక్క. కుందేలు కాబోలు.
ఒకరోజు పుల్ల విరిచి తెచ్చింది,
"ఇంతుంది అడుగు."
నా జానెడుకి కొంచెం తక్కువ.
ఆస్పత్రి పుస్తకం వెనక పేజీలో గీసుకున్నాను,
బరువులూ బీపీలూ ఉన్నచోటే.

ఆరుద్ర పురుగులు ముందొచ్చాయి, వాన వెనకొచ్చింది.
ఎర్రటి ముఖమల్ తునకలు గుమ్మం ఎక్కుతుంటే
మనవరాలు అగ్గిపెట్టెలో గడ్డి పరిచింది.
రాత్రంతా కప్పలు.
ప్రపంచమంతా నీళ్ళు, చూరు నిండా ధారలు,
నేను చెయ్యి చాపుకుని కూర్చున్నాను.
అరచేతిలో పడ్డవి
ఏ లెక్కలో రాయాలి?

తుఫానుకి తల తెగిన కొబ్బరిమోడు ఒకటుంది,
కొట్టించడానికి కూలి దండగని వదిలేశాం.
చిత్తకార్తెలో వడ్రంగిపిట్ట దానికి తలుపు చెక్కింది.
మంచు మొదలయ్యేసరికి
ఆ తలుపులో రెండు పచ్చచిలకలు, ఇంటివాళ్ళలాగ.
వడ్రంగి వచ్చి ఒకసారి చూసి
పక్కమోడుకి పోయింది.

ఇప్పుడు మహేంద్రగిరి కనపడదు పది గంటలదాకా.
చలికి దాహం మందగిస్తుంది.
సాయంత్రానికి నా సీసాలో
నాలుగు వేళ్ళ ఎత్తు మిగులుతున్నాయి.
"గట్టు మీద గోలెంలోనూ నిన్నటివి అలాగే ఉన్నాయి" అంది.
అని, ఖాళీ చేసి
మళ్ళీ నింపి వచ్చింది.