నల్లదారం

పాలకొల్లు అవతల, మూతపడ్డ రైసుమిల్లులో
నలుగురు పిల్లలు చేసిన చప్పుడిది.
బ్యాండు పేరు కాకిరేవు. మొదటి ఆల్బమ్ పేరు మునక.
మొబైల్ షాపు ఓబేదు మెమరీ కార్డులో ఎక్కించి
"ఇది నీకు తప్ప ఎవరికీ నచ్చదు" అన్నాడు.
పొగడ్తో తిట్టో ఇంకా తేల్చుకోలేదు.

మొదటి పాటకు ముందు పన్నెండు సెకన్లు ఏమీ లేదు.
ఏమీ లేదంటే అబద్ధం:
రేకుల మీద పావురం నడిచింది,
ఎవరో గొంతు సవరించుకోబోయి మానేశారు,
ఊక వాసన వినిపించింది. నవ్వకండి, వినిపించింది.
అప్పుడు తులసీరత్నం బేస్ గిటారు
రేవులో లాంచీ ఇంజను అందుకున్నట్టు
నా అరికాళ్లలోంచి మొదలైంది.

మూడోపాట నచ్చలేదు, చెప్పేస్తాను.
అందులో మంచు కురుస్తుంది. కోట ఉంటుంది. తోడేలు కూడా.
షడ్రక్, నువ్వు మంచు చూసింది
రొయ్యల ఐసు ఫ్యాక్టరీలోనే కదా!
మన చీకటి అంత తెల్లగా ఉండదు.
తుఫాను వెళ్లాక పదకొండు రోజులు కరెంటు లేని చీకటి,
తలలు తెగిన కొబ్బరిచెట్ల మధ్య
ఉబ్బిన గేదెని దాటుకుని నీళ్లకి వెళ్లే చీకటి,
కాలివేళ్ల సందుల్లోంచి పైకొచ్చే చీకటి.
అది పాడు.

నాలుగోదాంట్లో పాడాడు.
సమాధుల దొడ్డి గోడని గోదారి కోసేస్తుంటే
తాత పెట్టెని పైకి తీసి
ట్రాక్టరు మీద ఇంకో ఊరికి మార్చిన కథ.
"చచ్చాక కూడా ఇల్లు మారాలా" అని ఒక్కటే లైను, పదిసార్లు.
పదోసారి గొంతు చీలింది.
ఆ చీలికని తీసెయ్యలేదు వాళ్లు.
ఆ ఒక్కదానికి తోడేలుని క్షమించాను.

పాస్టరుగారు కాసేపు విని, సైతాను పాటలమ్మా, అన్నారు.
ఆయ్, అన్నాను.
మనసులో మాత్రం, మన పాటల పుస్తకంలో
రక్తం లేని పేజీ ఏదండీ అన్నాను,
సమాధి తెరుచుకోని ఆదివారం ఏదండీ?
గుంపులో కింది గొంతు నాదే, నాకు తెలుసు.

అమ్మకి ఒక చెవిది ఇచ్చాను.
సూది ఆపకుండా వింది. "ఎవరు పోయారే?"
ఎవరూ పోలేదే.
"మరి ఏడవడానికి ఇంత కరెంటెందుకు?"

మాది లేసు అల్లే ఇల్లు.
నర్సాపురం ఏజెంటు తెల్లదారం తూచి ఇస్తాడు,
తెల్లగానే తూచి పట్టుకెళతాడు.
అమ్మ చేతి పువ్వులు ఏ దేశపు బల్లల మీద
కాఫీ మరకలు తాగుతాయో మాకు తెలీదు.
కవరు మీద ఫొటోలో తులసీరత్నం మెడకి నల్ల లేసు.
మిషను లేసు. ఒక్క చూపులో పోల్చాను:
ప్రతి పువ్వూ ఒకేలా ఉంది,
దానికోసం ఎవరి కళ్లూ నొప్పెట్టలేదు.
నాకెందుకో రోషమొచ్చింది.

నల్లదారం మూడు ఉండలు కొన్నాను.
రాత్రిపూట నలుపు మీద నలుపు కనపడదు,
బల్బు కింద కూడా కుట్టు కుట్టులో కలిసిపోతుంది,
వేలితో తడిమి లెక్కపెట్టాలి.
ఆరోపాట ఏడు దెబ్బల నడక దానికి సరిపోయింది:
నాలుగు గొలుసులు, మూడు పొడుగు కుట్లు, మళ్లీ నాలుగు.
ఏజెంటు చూసి, ఎవరి చావుకమ్మా ఇది, కొనేవాడుండడు, అన్నాడు.
అమ్మడానికి కాదండి అన్నాను.
ఆ మాట మా ఇంట్లో ఇంతకుముందు ఎవరైనా అన్నారో లేదో.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
ఫోనులో పద్నాలుగు శాతం, ఆఖరి పాట.
దాంట్లో మాటల్లేవు,
కాలవ తూము ఎత్తిన నీళ్ల హోరు, దాని కింద డ్రమ్ము.
చీకట్లోంచి అమ్మ చెయ్యి వచ్చి
నా ఒళ్లో అల్లికని తీసుకుంది.
నలభై ఏళ్లు తెలుపే ఎరిగిన వేళ్లు
నెమ్మదిగా ఒక్కో పువ్వూ తడిమి
"రెండో వరసలో గొలుసు తప్పావ్" అంది,
విప్పడం మొదలెట్టింది.
విప్పుతూనే,
"ఆ రెండో చెవిది కూడా ఇటివ్వు."