పిల్లి సంగతి

రొట్టెపొడి ఊడ్చి వంటింటి బల్ల మీద పటం పరిచాను.
ఏళ్ల తరబడి చుట్టగా ఉండి ఉండి దానికి పడుకోవడం చేతకాదు.
మూడు మూలలకీ ఉప్పు సీసా, జామ్ డబ్బా, ఓడిల్ కళ్లజోడు పెట్టె.
నాలుగో మూలకి జెనోబీ మోచెయ్యి.

ఓడిల్‌కి పద్నాలుగు. అన్సెల్మ్‌కి తొమ్మిది.
జెనోబీకి అయిదు, అదీ మొన్న మంగళవారమే.
ఒకే పాఠం మూడు కంచాల్లో వడ్డించాలి నేను.
ఒకరికి ముల్లుతో సహా,
ఒకరికి ముల్లు చూపించి, తీసి,
ఒకరికి మెత్తగా మెదిపి.
చేపైతే నా వేళ్లకి తెలుసు.
పదిహేడు వందల యాభై అయిదులో
ముల్లెక్కడుందో ఇంకా తడుముకుంటున్నాను.

కిటికీ అవతల ఫండీ అఖాతం
పొద్దుటి నీళ్లని వెనక్కి లాక్కుంటోంది.
ఎర్రబురద, దాని మీద పక్షుల కాళ్ల రాత.

ఓడిల్ చేతికి ఆనాటి ఉత్తర్వు నకలిచ్చి
క్రియల కింద గీతలు గీయమన్నాను.
అన్సెల్మ్‌కి బేసిన్ నిండా బురద. గట్టు కట్టమన్నాను,
మావాళ్లు సముద్రాన్ని ఆపి పొలం చేసుకున్నట్టు.
గట్టు కింద తూము, తూముకి చెక్క తలుపు:
వాననీళ్లని పోనిస్తుంది,
కడలి తోసుకొస్తే తనంతట తనే మూసుకుంటుంది.
తాదే తాత తవ్వకంలో దొరికిన తూము ముక్క ఒకటి ఇచ్చాడు.
నాకితే ఇంకా ఉప్పగా ఉందంది జెనోబీ.
నాకొద్దన్నాను. అప్పటికే నాకింది.

చెప్పడం మొదలెట్టాను.
సెప్టెంబరు. మధ్యాహ్నం మూడింటికి చర్చికి రమ్మన్నారు,
ముసలివాళ్లని, పడుచువాళ్లని, పదేళ్లు నిండిన మగపిల్లల్ని.
వెళ్లాక తలుపులు మూసుకున్నాయి.

"తనంతట తనేనా?" అన్నాడు అన్సెల్మ్
తూము తలుపు మీంచి చెయ్యి తీయకుండా.

ఓడిల్ తలెత్తింది.
"అమ్మా, ఇందులో కూడా అంతే.
భూములు స్వాధీనం చేసుకోబడినవి. జనం తరలించబడుదురు.
కాగితమంతా వెతికాను. ఎవ్వరూ ఏమీ చెయ్యలేదు.
అన్నీ వాటంతట అవే అయిపోయాయి."

నాకు చెవులు కాలాయి.
రెండున్నర వందల ఏళ్ల తర్వాత, నా వంటింట్లో, నా నోటితోనే
ఆ తలుపులు మళ్లీ వాటంతట అవే మూసుకున్నాయి.

అన్సెల్మ్ బురదవేళ్లతో లెక్కపెడుతున్నాడు:
"నాకు నవంబరుకి పది. అంటే నేను బయటే ఉందును."
కాసేపాగి, "బయటుండి ఏం చేసేవాణ్ణి?"

ఆ ముల్లు నేను తీయలేదు. తీయడం రాలేదు.

జెనోబీ ఓడ గీసింది. ఓడ చిన్నది.
ఒడ్డున పిల్లి. పిల్లి చాలా పెద్దది, నోరు తెరుచుకుని.
"దీన్ని ఎక్కించుకున్నారా?"
ఓడిల్ పుస్తకాలు తిరగేసింది.
ఆవుల లెక్క ఉంది, గొర్రెలది ఉంది, పందులది కూడా.
పిల్లి లేదు.
"తెలీదమ్మా" అన్నాను.
ఇన్నాళ్ల పాఠాల్లో ఇంత ధైర్యంగా చెప్పిన ముక్క ఇంకోటి లేదు.

అన్సెల్మ్ ఊరుకోడు.
"గట్టు కట్టకముందు ఈ బురద ఎవరిది?"
మిక్మాక్ వాళ్లది, అన్నాను.
పారిపోయిన మావాళ్లని అడవిలో దాచింది వాళ్లే.
ఆ పాఠం రేపు, అన్నాను.
అన్నాక ఆ 'రేపు' నాకే రుచించలేదు.
పొయ్యి కట్టేసి మళ్లీ కూర్చున్నాను.
సూపు చల్లారింది. ఎవరూ అడగలేదు.

పొద్దుపోయే వేళకి నీళ్లు తిరిగొచ్చాయి.
ఓడిల్ నోటుపుస్తకంలో చివరి వాక్యం:
'సైనికులు తలుపులు మూశారు.'
దాని కింద పిల్లి ఉండిపోయిందని రాయమని జెనోబీ పేచీ.
"ఆధారం లేదే" అంది అక్క.
"నేను గీశాగా!"

నిద్రమత్తులో అది మోచెయ్యి తీసేసరికి
పటం ఆ మూల నుంచే చుట్టుకుపోయింది,
మేముండే మూల.