సంచుల వరస

తెల్లవారుజామున నాలుగున్నరకి
షాబాగ్‌లో మనుషులకన్నా ముందు
సంచులు నిద్ర లేస్తాయి.
లైబ్రరీ గేటు ముందు, మాఘమాసపు పొగమంచులో
ఒకదాని వీపుకి ఒకటి ఆనుకుని కూర్చుంటాయి.
సంచి లేనివాళ్ళు ఇటుకముక్క పెడతారు.
ఒకతను రోజూ ఎడమకాలి చెప్పు వదిలి
కుంటుకుంటూ వెళ్ళి టీ తాగొస్తాడు.

నాది ఆకుపచ్చ సంచి. జిప్పు పోతే పిన్నీసులు పెట్టాను.
లోపల నీల్‌ఖేత్‌లో బేరమాడి కొన్న పాత ప్రశ్నల పుస్తకం.
నాకన్నా ముందు ఎవరో
పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటూ వచ్చి
నూట పన్నెండో పేజీలో ఆగిపోయారు.
ఉద్యోగమొచ్చిందా, ఊరెళ్ళిపోయారా?
ఆ పేజీ దాటిన రాత్రి
అడుగుజాడలు అయిపోయిన ఇసుకలో
నిలబడ్డట్టనిపించింది.

ఇది మూడోసారి నాకు.
వయసు గడువు ఇంకో పదకొండు నెలలు.
రెండు వందల ప్రశ్నలు, రెండు గంటలు,
తప్పుకి అర మార్కు కోత.
క, ఖ, గ, ఘ.
నాన్నమ్మ పలక మీద దిద్దించిన అక్షరాలే,
అప్పుడు ఒక్కోదానికీ ఒక బెల్లంముక్క.
ఇప్పుడు నాలుగూ అమాయకంగా ముఖాలు పెట్టి
మాలో దొంగెవరో చెప్పమంటాయి.
తెలియనిదాన్ని తెల్లగా వదిలేయడం
నేర్చుకోవడానికే రెండేళ్ళు పట్టింది.

మొన్న బుధవారం నా వరస నూట నలభై ఆరు.
సంచి పెట్టాను. టీకొట్టు దాకా నడిచాను.
టీకొట్టు దాటాను.
బస్సెక్కాను. ఏ బస్సో చూడలేదంటే అబద్ధం.
సదర్‌ఘాట్.

తారులాంటి బురిగంగ మీద
రాత్రంతా ప్రయాణించిన లాంచీలు
కోళ్ళనీ మూటల్నీ మనుషుల్నీ దించుతున్నాయి.
భోలా వెళ్ళే లాంచీ సాయంత్రానికి.
డెక్కు టికెట్టు డబ్బులు గుప్పిట్లో చెమటపట్టాయి.
అమ్మ ఏమీ అడగదు. అదే కష్టం.
పక్కన మరమరాలు నములుతున్న ముసలావిడతో
"ఈ నది ధలేశ్వరిలోంచి పుట్టింది" అన్నాను.
ఆవిడ నమలడం ఆపి నన్ను చూసింది.
ఎవరూ అడగలేదు మరి.

పొద్దు వాలాక లాంచీ కూత వేసింది.
లేచాను.
పట్టుదల గుర్తొచ్చి కాదు,
గోడకి అంటించుకున్న సూక్తి గుర్తొచ్చీ కాదు,
సంచిలో అన్నం డబ్బా గుర్తొచ్చి.
డబ్బా నాది కాదు, రూమ్మేటు తన్జిలాది.
మర్నాడు దానికి డ్యూటీ. డబ్బా కావాలి.

ఏడున్నరకి గేటు ముందు వరస లేదు, సంచి లేదు.
లోపల, కిటికీ పక్క మూడో బల్ల దగ్గర
కుర్చీలో కూర్చునుంది నా ఆకుపచ్చ సంచి,
పక్క కుర్చీలో ఆ చెప్పులతను.
తలెత్తకుండానే అన్నాడు:
"వరస కదిలినప్పుడల్లా కాలితో నెట్టుకొచ్చా.
ముగ్గురు కుర్చీ కోసం గొడవపడ్డారు.
టీకెళ్ళిందని చెప్పా.
పద్నాలుగు గంటల టీ ఎలా ఉంది?"
కాసేపాగి,
"అన్నం సగం తినేశాను. ఆకలేసింది" అన్నాడు.

నవ్వొచ్చింది, ఆ గదిలో నవ్వకూడదు.
పేరడిగాను. ఇష్తియాక్.
రెండేళ్ళుగా నాకు చెప్పు ఒక్కటే తెలుసు.
మిగతా సగం నేను తిన్నాను.
నూట పదమూడో పేజీ తీసి
పెన్సిల్ చెక్కాను.

ఈ ఉదయం మంచు ఇంకా దట్టంగా ఉంది.
నా ముందు ఎడమకాలి చెప్పు,
దాని ముందు ఇటుక.
టీకెళ్ళినవాడు ఇంకా రాలేదు.
ఒంటి చెప్పుతో ఎంతదూరం పోతాడులే అనుకున్నాను,
అయినా రెండుసార్లు మెడ చాచి చూశాను.
ఎనిమిదయ్యింది. గేటు కిర్రుమంది.
ఇటుక కదిలింది.
నేను కాలు చాపి
చెప్పుని ముందుకి నెట్టాను.