రెండో రకం

మొదటి గది నిండా కుర్చీలే.
డెన్మార్క్ కుర్చీలు. ఆవిరి పట్టి వంచిన కర్రవి, తాడు అల్లికవి,
ఒకటైతే అచ్చం చేప వెన్నెముక.
వాటి మధ్య ఎనిమిది గంటలు నిలబడతాను.
కూర్చోవద్దని చెప్పడమే నా కొలువు.

బయట హెల్సింకిలో ఎండ కాస్తోంది.
రేవు పక్క సంతలో పచ్చి బఠాణీ కాయలు
లీటర్ల లెక్కన కొని
జనం నడుస్తూనే ఒలుచుకు తింటున్నారు.
ఇలాంటి రోజున మ్యూజియంకి ఎవరొస్తారు?
అయినా కొందరొస్తారు.
వాన పడితే అందరూ వస్తారు.

గుమ్మం మీద ఐదు భాషల్లో ఒకటే మాట: ఉత్తరపు వేసవి.
స్వీడన్ దుప్పట్లు, నార్వే గోడ తివాచీలు,
ఐస్‌లాండ్ ఆవిడెవరో బూడిద రంగొక్కటే వాడి
గోడంత గీసిన కొండ.
నిన్న దాని ముందు ఒక ముసలాయన
నిలబడే నిద్రపోయాడు.
లేపలేదు.

గంటకో గది మారతాం మేం.
మూడింటికి మాత్రం ఐదో గది నాకిమ్మని
హిల్కాని బతిమాలుతాను.
ఎందుకని తనడగదు, నేను చెప్పను.
మా దేశంలో దాన్నే స్నేహం అంటారు.

ఐదో గదిలో గాజు.
మధ్య పెట్టెలో ఒంటరిగా ఒక పూలకూజా,
పొగమంచు రంగు,
ఎవరో పిలిస్తే తిరిగినట్టు మెడ కాస్త పక్కకి.
కింద పలక మీద మూడు వరుసలు:
రూపకర్త పేరు. 1957. కైస్లాయోకి గాజు కార్ఖానా.

ఆయన కాగితం మీద గీశాడు. మంచి గీతే, కాదనను.
ఊపిరి పోసింది మా నాన్న.
మాటవరసకి అనడం లేదు.
ఇనుప గొట్టం పెదాలకి ఆనించి,
బుగ్గలు రెండూ రొట్టెల్లా పొంగించి,
కొలిమి ముందు చెమటకి కరుగుతూ,
నడుమ నడుమ చెంబుడు మజ్జిగ తాగుతూ,
కూజాకో ఊపిరి.
నలభై తొమ్మిదో పుట్టినరోజున
కేకు మీది కొవ్వొత్తి ఆర్పలేకపోయాడు.
అమ్మ లేచి కిటికీ తెరిచింది.
గాలే ఆర్పింది.
చప్పట్లు కొట్టాం.

మా ఇంట్లోనూ ఉందీ కూజా.
అడుగున ఆవగింజంత బుడగ ఉందని
సుద్దగీత గీసి పక్కన పెట్టేశారు.
రెండో రకం, పనివాళ్ళకి సగం ధర.
మా ఊళ్ళో ప్రతి ఇంటా రెండో రకమే,
తాగే గ్లాసులు, దీపం బుడ్లు, ఉప్పు గిన్నెలు.
మొదటి రకం మొహం నేను చూసింది
ఇక్కడ, జీతం తీసుకుంటూ.
ఆ కూజాలో అమ్మ చెక్క గరిటెలు పెట్టేది.
నేను బట్టల క్లిప్పులు వేస్తాను.

ఇవాళ ఒక పిల్లాడు, ఆరేళ్ళుంటాయేమో,
పెట్టెకి ముక్కు ఆనించి హా అని ఊదాడు.
ఆ ఆవిరి మీద వేలితో చేప గీశాడు.
వాళ్ళమ్మ పరుగున వచ్చి
స్వీడిష్‌లో ఒకసారి, ఫిన్నిష్‌లో ఒకసారి క్షమాపణ అడిగింది.
కూజాని తాకలేదు కదండీ, అన్నాను.
ఊదరాదని ఎక్కడా రాసి లేదు.

మూసే వేళ మెత్తని గుడ్డ ఒకటి ఇస్తారు.
ముక్కులు, నుదుళ్ళు, వేలిముద్రలు, అన్నీ తుడవాలి.
చేప అప్పటికే లేదు.
అటూ ఇటూ చూసి, వంగి, నేనూ ఊదాను.
తోకతో సహా తేలింది.
తుడిచాను మరి. కొలువు కదా.

ట్రామ్‌లో ఆలోచిస్తూ వచ్చాను.
మచ్చలేని దాన్లోంచి ఆయన ఊపిరి
ఏనాడో మెడ దాటి వెళ్ళిపోయి ఉంటుంది.
మా దాన్లో ఆవగింజంత చిక్కుకుంది.
అది కొలిమి వాయువు, ఊపిరి కాదని
తెలిసినాయన ఒకరు చెప్పారు లెండి.
కావచ్చు.

రాత్రి పదకొండు. ఇంకా చదువుకునేంత వెలుతురు.
క్లిప్పులు బల్ల మీద కుమ్మరించి
కూజాని కిటికీకి ఎత్తి పట్టుకున్నాను,
చేతులు లాగేదాకా.

రేపు పొద్దున మళ్ళీ మొదటి గది.
కుర్చీలు.