ఉన్నది ఉన్నట్టుగా

మా చీమకుర్తి నల్లరాతిలో చుక్కలుంటాయి,
పట్టపగలే నక్షత్రాలు.
పదహారేళ్లుగా నీళ్లు పోసి రుద్దుతుండా,
రాయి అద్దమయ్యేదాకా,
అద్దంలో నా ముక్కుగుడ్డ కనబడేదాకా.

అట్టాంటి చేతులతోనే
ఒంగోలు బైపాసు పక్క షెడ్డులో
తెల్లకారు బానెట్టు నిమిరాను.
వేలికి ఏమీ తగల్లేదు.
మీటరు నలభై ఒక్క వేలంది.
"డాక్టరమ్మ బండి మాలకొండయ్యా,
ఇంటికీ ఆసుపత్రికీ తప్ప తిరగలా"
అన్నాడు షెడ్డు రామ్మోహన్.

చీటీ పాడిన డబ్బు, రెండు లక్షల ఎనభై వేలు.
శేషారత్నం కిటికీ పక్కన కూర్చుంది,
ఆటో అంచున కాకుండా,
తల్లో పూలు గాలికి పోకుండా
ఎన్నేళ్లకో ఒక ప్రయాణం.
సంతనూతలపాడు దాటలేదు.
పొగ.

హజరత్తయ్య మేస్త్రి బండి కిందికి దూరి
చాలాసేపు బయటికి రాలేదు.
వచ్చి, చేతులు కిరసనాయిలుతో కడుక్కుంటా అన్నాడు:
"ఇది ఒక బండి కాదు బావా.
ముందు సగం ఒక ఇంటిది, వెనక సగం ఇంకో ఇంటిది.
నడుం కాడ వెల్డింగుతో ముడేశారు."
నెల్లూరు సర్వీసోళ్ల పుస్తకంలో
నాలుగేళ్ల కిందటే
లక్షా ముప్పై ఎనిమిది వేలు తిరిగిందంట.

రామ్మోహన్ కాగితం తీశాడు.
"ఉన్నది ఉన్నట్టుగా, చూసుకుని, నచ్చి కొన్నాను."
కింద సంతకం నాదే.
'మా' దగ్గర కొంచెం వణికింది, సంతోషానికి.

ఊళ్లో అందరిదీ ఒకటే మాట:
పాత సరుక్కి పూచీ ఏందబ్బయా,
గొడ్డును కొనేటోడు పళ్లు చూసుకోవాల,
తోలుకొచ్చాక అరిస్తే సంత నవ్వుద్ది.
నిజమే. పళ్లు చూశాను.
అవి కట్టుడు పళ్లని ఎవడు చెప్పాడు?

కలెక్టరాఫీసు గోడ పక్కన
అర్జీలు రాసే ఆదిశేషు చెప్పాడు:
"పాతదని అమ్మితే పాతదే.
తెలిసిన లోపం దాచి అమ్మితే బేరం కాదది, మోసం.
ఉన్నది ఉన్నట్టుగా అన్నాడే,
ఉన్నదేందో చెప్పాడా?
రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కి పోవచ్చు.
నీ సొమ్ముకి ఫీజు లేదు,
ప్లీడరు లేకపోయినా నీ నోరు చాలు."
కాగితానికి ఇరవై తీసుకున్నాడు, టీ నేనే తాగించా.

మూడో వాయిదాకి అవతలి ప్లీడరు అడిగాడు.
బండి చుట్టూ తిరిగి చూశావా?
చూశానయ్యా.
చెయ్యి పెట్టి చూశావా?
చూశా.
మరి అతుకు కనబడలేదా?

"అయ్యా, నేను పాలిష్ పనోణ్ణి.
రాయి పగిలితే జిగురులో నల్లరంగు కలిపి
పూడ్చేది నేనే.
పైన మైనం రుద్దితే
కన్న కొండ కూడా గుర్తుపట్టలేదు.
కనబడకుండా చేసినోణ్ణి వదిలి
కనబడలేదన్నోణ్ణి అడుగుతారేందయ్యా?"

వెనక బల్లల్లో ఎవరో నవ్వారు.
మేడమ్ ఏందో రాసుకున్నారు.
నాకు మాత్రం గొంతు పట్టేసింది,
చెప్పింది నా తరఫునో
నా మీదో తెలీక.

మర్నాడు ఫ్యాక్టరీలో
తొమ్మిదడుగుల పలక.
మూల నుంచి వెంట్రుకంత గీత.
జిగురు డబ్బా చేతిలోనే ఉంది.
పసుపు సుద్దతో గీత చుట్టూ గీసి
"పగులుంది" అని రాశాను.
ఎవడబ్బ సొమ్మనుకున్నావురా, అన్నాడు సూపర్‌వైజరు.
ఆ రోజు కూలి సగం కోశారు.
సుద్దముక్క జేబులోనే ఉంది.
రేపు రాస్తానో లేదో, మాటివ్వలేను.

తీర్పు పద్దెనిమిదో తారీకుకు పడింది.
బండి ఇంటి ముందర రేకుల కింద ఉంది.
వెనక సీట్లో కోడి పొదుగుతుంది.
ముందు సీట్లో, సాయంత్రాలు, అద్దం దించుకుని
చిక్కుడుకాయల ఈనెలు తీస్తా కూర్చుంటది శేషారత్నం.
"ఎందాకా వచ్చాం?" అంటది నన్ను చూసి.
"సంతనూతలపాడు" అంటా.