తొమ్మిదో పాట

గురువారం డ్యూటీ దిగి
కవరాల్ కూడ విప్పకుండ
హిద్ద్ నుంచి ముహర్రక్ దాక పోయిన, బస్సెనక బస్సు పట్టుకుని.
దుకాణం ఇంకా తెరవనేలేదు, అప్పటికే లైను.

తెల్ల తోబుల కింద నల్ల బూట్లేసిన పోరగాండ్లు,
వంతెన దాటి దమ్మాం నుంచి కారేసుకొచ్చిన నలుగురు,
ఆస్పత్రి యూనిఫాం మీదనే ఉరికొచ్చిన ఫిలిప్పీన్ నర్సు.
ఎవల నోట విన్నా ఒకటే పేరు: ఘవ్వాస్.
తొమ్మిదేండ్లు రమాద్ బ్యాండుకు గొంతయినోడు
పోయిన రంజాన్‌ల వాల్లను ఇడిసిపెట్టిండు.
ఇది ఒంటిగ చేసిన మొదటి ఆల్బం.
పేరు నఫస్. అంటే ఊపిరి.

"ఆ గిటారోడు లేకుంటె వీడెంత" అని ఒకడు,
"ఊకో, వీని గొంతుకు గిటారెందుకు" అని ఇంకొకడు.
అరబ్బీ నాకు సగమే వస్తది,
తిట్లు మాత్రం మొత్తం సమజైతయ్.

నన్ను చూసి దారి తప్పిననుకున్నడు తలుపు కాడి పిలగాడు.
"రీచార్జి కార్డులు పక్క దుకాణంల" అన్నడు.
నేను నోరు తెరవలే.
రమాద్ రెండో ఆల్బంల నాలుగో పాట,
నడుమ డ్రమ్ములు మీద పడ్డట్టు వస్తయి సూడు,
ఆ వరుస మొత్తం షట్టరు మీద వేళ్లతో కొట్టిన
ఒక్క దెబ్బ తప్పకుండ.
లైనంత ఇటు తిరిగింది.

ఏడ నేర్చినవ్ అంటె ఏం చెప్పాలె?
సిరిసిల్లల పుట్టిన. నా తొట్టెల పక్కన నాలుగు సాంచెలు.
అవి ఆడితెనే నిద్ర,
కరెంటు పోతె లేచి ఏడ్చేటోన్నట.
నాడె అటు ఉరికి ఇటు ఉరికి
ఇంకా నా చెవులల్ల ఆగలే.
ఈడ డ్రైడాకుల పదిగంటలు గ్రైండర్ పట్టి
ఓడల పొట్టకు పట్టిన తుప్పు గీకుత.
మెత్తటి పాట ఇంటె
ఎక్కడో మిషిని ఖరాబైనట్టు గుబులైతది నాకు.

పన్నెండు కొట్టంగనే షట్టరు లేచింది.
ఐదు దినార్లు. లెక్క చూసుకోలే.
లోపల పెద్ద స్పీకర్ల మీద పెట్టిండ్రు.
మొదటి రెండు పాటలకు తలలు ఊగుడే ఊగుడు,
గాలివానకు జొన్నచేను లెక్క.
మూడోది బాలేదు. నిజం చెప్పాలె కద.
నర్సు కూడ మొకం ముడిసింది.

తొమ్మిదో పాటల గిటారు లేదు, డ్రమ్ము లేదు.
చప్పట్లు.
ఒట్టి మట్టికుండ మీద అరచెయ్యి.
బాగా అడుగున, నీల్ల అడుగున,
గుర్రుమని ఒక గొంతు.
దమ్మాం పిలగాడు నా చెవుల చెప్పిండు:
ముత్యాలకు మునిగేటోల్లు ఎనకట ఇట్లనే తీసేటోల్లట రాగం,
వీని తాత తండ్రి ఆ పడవల మీదోడట.
ఓహో,
వీని తొట్టెల పక్కన ఆడిన సాంచె ఇదన్నట్టు.

ఒంటిగంటకు వచ్చిండు ఘవ్వాస్.
పొట్టిగున్నడు. జలుబు చేసింది,
ముక్కు తుడుసుకుంట సంతకాలు.
నా పేరడిగిండు. "పరశురాం."
వాల్ల అచ్చరాలల్ల ప లేదు.
జరసేపు పెన్ను ఆపి, రాసిండు.

క్యాంపుల ఇనాయత్ సదివి చెప్పిండు: "బర్శురాం."
రూమంత నవ్వుడు.
ఆ సీడీ తిప్పే మిషిని మా రూముల లేదు,
క్యాంపులనే లేదు.
తలగడ కింద పెట్టుకున్న.

శుక్రారం పొద్దుగాల ఫోన్ల పెట్టుకుని ఇంటుంటె
పై మంచం నుంచి తేక్ బహదూర్ తొంగిసూసి
"ఎవన్ని కోస్తుండ్రు భాయ్?" అన్నడు.
ఇయర్‌ఫోన్ ఒకటి తీసి పైకిచ్చిన.
ఎనిమిది పాటలకు ఉలుకు లేదు పలుకు లేదు.
తొమ్మిదో దాని కాడ
మంచం అంచు మీదికెల్లి వేలాడుతున్న కాలుకు
బొటనవేలు కదిలింది.